పంటకాలమంతా నిలిచిన ప్రశ్న

డిగ్రీ కాలేజీల్లో ‘జిజ్ఞాస’ స్టడీ ప్రాజెక్టులు మొదలయ్యాయంటే చాలామంది విద్యార్థుల కలం మొదటి పేజీ దగ్గరే ఆగిపోతుంది. ‘సేంద్రియ వ్యవసాయం – ప్రాముఖ్యత’ అని శీర్షిక పెట్టి, నాలుగు పుస్తకాల్లోంచి నిర్వచనాలు దించి, ఎలాగో పేజీలు నింపుతారు. భాష రాక కాదు, తాము స్వయంగా చూసిందేదీ చేతిలో లేక పడే అవస్థ ఇది. పరిశోధన రాత ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవాలంటే జహీరాబాద్ విద్యార్థి దూరం వెళ్లనక్కర్లేదు. పక్కనే పస్తాపూర్ ఉంది.

పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తోంది. ఊరూరా సంఘాలు కట్టుకున్న ఇక్కడి మహిళా రైతుల్లో ఎక్కువమంది దళితులు. జొన్న, కొర్ర, సామ పండించే ఆ చేతుల్లో కొన్ని వీడియో కెమెరా కూడా పట్టాయి. బడి మొహం చూడనివాళ్లు కూడా సినిమా తీయడం నేర్చుకున్నారు. 2001లో వాళ్ల పనికి కమ్యూనిటీ మీడియా ట్రస్టు అనే రూపం వచ్చింది.

కాయతొలుచు పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన బీటీ పత్తి సాగుకు 2002 మార్చిలో కేంద్ర ప్రభుత్వం అనుమతినిచ్చింది. ఆ ఖరీఫ్‌లో ఈ మహిళలు కెమెరాతో వరంగల్ పత్తి చేలకు వెళ్లారు. వ్యవసాయ శాఖలో జాయింట్ డైరెక్టర్‌గా పనిచేసిన డాక్టర్ అబ్దుల్ ఖయ్యూం, శాస్త్రవేత్త కిరణ్ సక్కరి అదే పంటకాలంలో రైతుల జమాఖర్చులు సేకరించారు. 2003లో ఒక నివేదిక, ఒక సినిమా వెలువడ్డాయి. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే పరిశోధన రాతకు కావలసిన పనితనమంతా కనిపిస్తుంది.

మొదట ప్రశ్న చూడండి. బీటీ పత్తి వరంగల్ రైతులను కాపాడిందా అని నివేదిక అడిగింది. వాళ్లకు ఆ పత్తి మీద కోపం ఎందుకని సినిమా అడిగింది. రెండూ చేలోకి వెళ్తే జవాబు దొరికే ప్రశ్నలు. ‘జన్యుమార్పిడి పంటలు – ఒక పరిశీలన’ అని పెట్టుకుని ఉంటే ఎవరిని కలవాలో, ఏం లెక్కపెట్టాలో, ఎక్కడ ఆపాలో తేలేది కాదు. ప్రశ్న సరిగ్గా కుదిరితే సగం దారి అదే చూపిస్తుంది.

నాకు మరీ నచ్చింది వాళ్లు గీసుకున్న హద్దు. 2002 ఖరీఫ్, వరంగల్ జిల్లా అని నివేదిక తన పేరులోనే చెప్పుకుంది. దానికి భిన్నంగా, బీటీ విత్తనాలు అమ్మిన కంపెనీ చేయించిన సర్వేలు లాభాలు చూపించాయి. తర్వాతి ఏళ్లలో దేశంలోని పత్తి చేలు చాలావరకు బీటీకే మారాయి. అయినా ఆ నివేదిక విలువ తగ్గలేదు. ఆ ఏడు, ఆ నేలలో, అప్పటి రకాలు ఎలా పండాయన్నదే అది చెప్పింది. చూసినంతే చెప్పిన రాతతో వాదించదలచినవాళ్లు అదే హద్దులోకి దిగి లెక్కలు చూపాల్సి ఉంటుంది.

ఇక పోలిక. బీటీ వేసిన రైతు పక్కన మామూలు హైబ్రిడ్ వేసిన రైతునూ లెక్కలోకి తీసుకున్నారు. 450 గ్రాముల బీటీ ప్యాకెట్ ఆనాడు 1,600 రూపాయలు. మామూలు హైబ్రిడ్ 450 రూపాయల దరిదాపు. బీటీ గుణం కాయతొలుచు పురుగు మీద పనిచేస్తుంది గానీ పచ్చదోమ, పేనుబంక లాంటి రసం పీల్చే పురుగుల మీద పనిచేయదు. కాబట్టి మందు ఖర్చు ఎంత తగ్గిందో విడిగా చూడాలి. దిగుబడి వేరు, మార్కెట్లో పలికిన ధర వేరు. ఇవన్నీ కలిపి ఎకరాకు చివరికి ఎంత మిగిలిందన్నది తేల్చాలి. దిగుబడి ఒక్కటే చూసినా, విత్తనం ధర ఒక్కటే చూసినా తీర్పు తప్పేది.

కెమెరా నిలిపే ఎత్తు గురించి కూడా ఈ మహిళలు ఆలోచించారు. పైనుంచి కిందికి తీసేది వాళ్ల లెక్కలో పటేల్ షాట్, దొర కూలీని చూసే చూపు. కింది నుంచి పైకి తీసేది బానిస షాట్. కంటికి కన్ను సమానంగా తీసేది సంఘం షాట్. సంఘంలో ఎక్కువ తక్కువలు లేవు కాబట్టి తమకు కావలసింది అదేనని తేల్చుకున్నారు. పరిశోధన రాసే విద్యార్థికి ఇంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు. ‘నిరక్షరాస్యులైన రైతులు అవగాహన లేక నష్టపోతున్నారు’ అని రాసే కలం పటేల్ షాట్ తీస్తోంది. పెద్ద ప్రొఫెసర్ పేరు కనబడగానే ప్రశ్న మానేసే కలం బానిస షాట్ తీస్తోంది. రైతు మాటనూ పుస్తకం మాటనూ ఒకే ఎత్తులో నిలిపి, రెంటినీ ఒకే తీరున పరీక్షించడమే పరిశోధన.

ఒక్క ఏటితో ఆ పరిశోధకులూ ఈ మహిళలూ ఆగలేదు. వరసగా మూడేళ్లు అదే ప్రశ్నను వెంటాడి 2005లో మళ్లీ నివేదిక, సినిమా తెచ్చారు. ఆ ఏడాదే విత్తన కంపెనీ మహికో బీటీ రకాలు మూడింటికి ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించడానికి కేంద్ర కమిటీ నిరాకరించింది. 2007 నాటి సినిమా కోసం ఈ మహిళల కెమెరా ఇతర దేశాల పత్తి చేలదాకా వెళ్లింది.

కాబట్టి ఈసారి ప్రాజెక్టు ముందుకొస్తే నిర్వచనంతో మొదలుపెట్టకండి. జహీరాబాద్ చుట్టూ చెరకు ఉంది, అల్లం ఉంది, ఆలుగడ్డ ఉంది. ‘ఈ యాసంగిలో మా ఊరి ఆలుగడ్డ రైతులకు ఖర్చులన్నీ పోను ఎంత మిగిలింది?’ అన్న ఒక్క వాక్యం రాసుకోండి. విత్తనం నాటిన రోజు నుంచి మార్కెట్ చీటీ దాకా ఆ ఇళ్లకే మళ్లీ మళ్లీ వెళ్లండి. విన్నది విన్నట్టు, తేదీతో సహా రాయండి. ఆలుగడ్డ వేయని పొరుగు రైతునూ అడగండి. పుస్తకాలు అప్పుడు తెరవండి. మీ నోటుబుక్కులోని లెక్కతో అవి ఎక్కడ ఏకీభవిస్తున్నాయో, ఎక్కడ విభేదిస్తున్నాయో మీకే కనబడుతుంది. ఆ తేడాను వివరించే పేరాయే మీ మొదటి పరిశోధన రచన.