పాత వాచీ డయల్: అసలు పూత, మలి పూత

పాత చేతి గడియారానికి వెల కట్టేవారు మొదట చూసేది డయల్‌నే. లోపలి యంత్రంలో అరిగిన చక్రాన్ని మార్చవచ్చు, విరిగిన స్ప్రింగు తీసి కొత్తది వేయవచ్చు, గీతలు పడిన అద్దం స్థానంలో మరొకటి బిగించవచ్చు. డయల్‌ను మాత్రం ఒకసారి గీకి మళ్లీ రంగు వేస్తే దానిని తయారుచేసినవారి పనితనం తిరిగి రాదు. కాబట్టి తళతళలాడే మలి పూత కంటే వయస్సు పైకి కనిపించే అసలు పూతకే విలువ ఎక్కువ. ఈ రెండింటినీ వేరు చేయగలగాలంటే డయల్ ఎలా తయారవుతుందో ముందు తెలియాలి.

ఇరవయ్యో శతాబ్దపు స్విట్జర్లాండులో డయల్ తయారీ చాలావరకు ప్రత్యేక కర్మాగారాల వృత్తిగా సాగింది. ఆ వృత్తికి ఎంతటి స్థానం ఉండేదో ఒక్క ఉదాహరణ చాలు: పటెక్ ఫిలిప్ కంపెనీకి డయల్స్ చేసి ఇచ్చే స్టెర్న్ కుటుంబమే 1932లో ఆ కంపెనీని కొనుగోలు చేసింది. పలుచని ఇత్తడి బిళ్లను కోసి, యంత్రానికి బిగించడానికి వెనుకవైపు సన్నని కాళ్లు అతికి, ముందువైపు మధ్య నుంచి అంచుల దాకా కిరణాల్లా సన్నని గీతలు పట్టించి, విద్యుత్ సాయంతో వెండి పూతో నల్ల పూతో ఎక్కించి, పైన పారదర్శకమైన వార్నిష్ వేసేవారు. అక్షరాల కోసం లోహపు పలకపై సన్నగా తొలిచిన గాడుల్లో సిరా నింపి, దానిని మెత్తని దిండుతో ఎత్తి డయల్ మీద అద్దేవారు. ఈ పద్ధతిలో ముద్రించిన అక్షరం పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంలో నిండుగా, అంచులు తెగినట్లు స్పష్టంగా కనిపిస్తుంది. మలి పూత డయల్ మీద అదే అక్షరం లావెక్కి, మూలలు మొద్దుబారి, ఒక్కోచోట సిరా పాకినట్లు ఉంటుంది.

దీనికి పూర్తిగా భిన్నమైన పద్ధతి 1950లు, 60లలోని కొన్ని నల్ల డయల్స్‌లో కనిపిస్తుంది. వాటి మీది బంగారు రంగు అక్షరాలు పైన అచ్చువేసినవి కావు. ముందుగా లోహం మీద అక్షరాలను రక్షక పూతతో ముద్రించి, చుట్టూ నలుపు ఎక్కించి, తర్వాత ఆ రక్షక పూతను కరిగించేవారు. అప్పుడు అడుగునున్న లోహమే అక్షరంగా బయటపడేది. కనుక అసలు డయల్‌లో అక్షరం నలుపు కంటే ఒక వెంట్రుకవాసి లోతున ఉంటుంది. మలి పూతలో బంగారు సిరా నలుపు మీద కూర్చుంటుంది. డయల్‌ను దీపం కింద ఏటవాలుగా పట్టుకుని తిప్పితే ఈ తేడా తెలిసిపోతుంది, ఇంతకంటే నమ్మదగిన పరీక్ష మరొకటి దొరకడం కష్టం.

గంటల గుర్తులు విడిగా అమర్చిన డయల్ అయితే ఆ గుర్తుల మొదళ్ల దగ్గర రంగు పేరుకుందేమో చూడాలి. నిమిషాల గీతలు గంటల గుర్తులకు సూటిగా ఉండాలి. సెకన్ల చిన్న వలయంలోని సన్నని గాడులు పూడిపోయి ఉన్నా, స్విట్జర్లాండు వాచీలో ఆరు అంకె కింద ఉండవలసిన ‘స్విస్’ అనే ముద్ర లేకపోయినా అనుమానించవలసిందే.

చీకట్లో వెలిగే పూత మరో ముఖ్యమైన సాక్షి. 1960ల ఆరంభం వరకు ఎక్కువగా రేడియం, ఆ తర్వాత ట్రిటియం వాడారు. ట్రిటియం వాడినట్లు తెలిపే ‘టి’ అక్షరం డయల్ అడుగున స్విస్ ముద్ర పక్కన కనిపిస్తుంది. రేడియం సగం తరగడానికి సుమారు 1,600 ఏళ్లు పడుతుంది, కాని దానితో కలిపిన జింక్ సల్ఫైడ్ కొన్ని దశాబ్దాలకే దెబ్బతిని వెలుగు మానేస్తుంది. ట్రిటియం సుమారు 12.3 ఏళ్లకే సగమవుతుంది. అందువల్ల అరవై ఏళ్ల నాటిదని చెప్పే వాచీ కాసేపు దీపం చూపగానే గంటల తరబడి వెలుగుతూ ఉంటే ఆ పూత ఇటీవల వేసినదే. ముళ్ల మీది పూత, అంకెల మీది పూత ఒకే రంగుకు తిరిగి ఉండడం మంచి గుర్తు. ఏళ్ల తరబడి ఆగిపోయి ఉన్న వాచీలో ముల్లు ఆగిన చోట డయల్ మీద గోధుమరంగు నీడ పడి ఉంటే అది ఇంకా మంచి గుర్తు, ఎందుకంటే రేడియం కాల్చిన ఆ మచ్చను రంగు వేసేవారు సాధారణంగా వేయరు. అయితే రాలుతున్న రేడియం పొడి ఊపిరిలోకి పోతే ప్రమాదం కాబట్టి అటువంటి వాచీని ఇంట్లో విప్పకూడదు.

భారతదేశపు పాత వాచీల బజారులో ఈ పరిజ్ఞానం మరింత అవసరం. జపాన్‌కు చెందిన సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టిన హెచ్‌ఎంటీ గడియారాలు తెలుగు ఇళ్లలో పెళ్లికొడుక్కి పెట్టే కానుకలుగా, ఉద్యోగంలో చేరిన కొడుక్కి తండ్రి కొనిచ్చే వస్తువులుగా స్థిరపడ్డాయి. వాచీల విభాగం మూతపడ్డాక వాటి మీద మోజు పెరిగింది, దానితోపాటు పాత జనతా, పైలట్ నమూనాల వాచీలకు కర్మాగారం మామూలుగా వేయని నారింజ, చిలకపచ్చ రంగులు పూసి కొత్తవాటిలా అమ్మడమూ పెరిగింది. కారుచౌకగా దొరికే మెరిసే పాత వాచీని కొనేముందు అదే నమూనాకు చెందిన, ఇంట్లో భద్రంగా ఉన్న అసలు వాచీతో అక్షరం అక్షరం పోల్చి చూడడం ఉత్తమం.

వయస్సు తెచ్చే మార్పులన్నీ ఒక్కటి కావు. వార్నిష్ డయల్ అంతటా సమంగా పసుపెక్కడం, నలుపు ఎండకు గోధుమరంగుకు తిరగడం సహజమైన ముదురుతనం, కొందరు అదే కోరి కొంటారు. కీ ఉండే మూడు అంకె వైపు, అంచుల వెంట మచ్చలు కట్టి ఉంటే మాత్రం లోపలికి చెమ్మ దిగిందని అర్థం, అప్పుడు యంత్రంలో తుప్పు ఉందేమో విప్పి చూపించమని అడగాలి. అక్షరాలు అలికినట్లు ఉంటే ఎవరో తడిగుడ్డతో తుడిచారన్నమాట. పాత వార్నిష్ నీటికి సైతం తట్టుకోలేదు. వాచీని సర్వీసుకు ఇచ్చేటప్పుడు డయల్‌ను తుడవవద్దని, మెరుగు పెట్టవద్దని మెకానిక్‌కు ముందే చెప్పి, ఆ మాట రసీదు మీద రాయించుకోవాలి.