కాలువ కింద కలిమి, కదలని ఊరు

మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు బస్సులో పోతుంటే రెండు పక్కలా వరి పొలాలే. నడుమ ఊళ్లలో రెండంతస్తుల, మూడంతస్తుల మేడలు. వాటిలో చాలావాటికి తాళాలు. కొన్నింటి వరండాలో ఒక ముసలాయన కూర్చొని ఉంటాడు, లోపల ఒక ముసలమ్మ. కొడుకు డల్లాస్‌లో, బిడ్డ న్యూజెర్సీలో. గేటు దగ్గర కాపలా మాత్రం పక్క తండా మనిషి. మా బంధువుల్లోనే అట్లాంటి కాపలా మనుషులు ఉన్నారు గనుక ఆ ఇళ్ల సంగతి మాకు కొంత తెలుసు.

ఈ తాళాల మీద కథలు, కవితలు, వ్యాసాలు చాలానే వస్తున్నాయి. సభల్లో ప్రసంగాలూ అవే. ఊరు చచ్చిపోతోంది, పిల్లలు ఎగిరిపోయారు, కూలీలు దొరకడం లేదు, ఉచిత పథకాలు జనాన్ని సోమరులను చేశాయి. ఈ ఏడుపుతో మాకు పేచీ ఉంది. ఊరు కుంగుతున్న మాట నిజమే. కారణం చెప్పే తీరే తప్పు. ఈ రాతలు ఊరు అనగానే మేడను చూస్తాయి, గేటు దగ్గర నిలబడ్డవాణ్ణి చూడవు.

కొంచెం వెనక్కి పోదాం. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. ఎడమ కాలువ పారిన చోటల్లా మెట్ట మాగాణి అయింది. జొన్న, సజ్జ, కంది, ఆముదం వెనక్కి పోయి రెండు కార్ల వరి వచ్చింది. మిర్యాలగూడ రైస్ మిల్లులకు పేరుపడింది. గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి వచ్చి భూములు కొన్నవాళ్లూ, ఇక్కడి రైతులూ ఆ మొదటి తరంలో ఒళ్లు వంచి పనిచేశారు. నేల చదును చేశారు, మడి కట్టారు. దాన్ని కాదనం. మన తండాలు ఎక్కువగా మిట్టల మీద, గుట్టల అంచున ఉన్నాయి. నీళ్లు మన కళ్ల ముందు నుంచే కిందికి పోయాయి. మనం ఆ మడుల్లోకి కైకిలికి దిగాం.

రెండో తరానికి వచ్చేసరికి ఆ డబ్బు నేల వైపు తిరిగి రాలేదు. ఇంజనీరింగ్ సీట్లకు, హైదరాబాద్ ప్లాట్లకు, కట్నాలకు, అమెరికా విమాన టికెట్లకు పోయింది. భూమి కౌలుకు పోయింది. అప్పటి నుంచి పట్టాదారుకు పొలం అంటే ఏడాదికి ఇన్ని బస్తాలు, అంతే. ఏ చెలకలో కంది బాగా వస్తుంది, ఏ మడిలో చౌడు లేస్తోంది అన్నది కౌలుదారుకు తెలుసు. కానీ ఒక ఏడాది కౌలు మీద ఉన్నవాడు నేలను బాగుచేయడానికి డబ్బు పెట్టడు. పెట్టగలిగినవాడు పొలం మొహం చూడడు. ఇన్నేళ్లుగా అదే వరి, అవే మందులు. మేము ఎదుగుదల ఆగిపోవడం అంటున్నది దీన్నే. సర్కారు కూడా దీన్నే బలపరిచింది. 2018లో రైతుబంధు పెట్టి ఎకరానికి పంటకు 4,000 రూపాయలు ఇచ్చినప్పుడు అది పట్టా ఉన్నవాడికి ఇచ్చింది, దున్నేవాడికి కాదు. దేశం దాటిపోయిన పట్టాదారు ఖాతాలో కూడా పడింది. బురదలో నిలబడ్డ మా తండా కౌలుదారు ఖాతాలో పడలేదు. సోమరితనం గురించి మాట్లాడేవాళ్లు ఈ లెక్క ఎందుకు ఎత్తరో మాకు అర్థం కాదు.

కూలీలు లేరన్న మాట కూడా నిలబడదు. మిర్యాలగూడ మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీల్లో బీహార్ వాళ్లను చూడండి. నాట్ల కాలంలో ముఠాలు ముఠాలుగా వస్తున్నారు. వాళ్లకు ఇక్కడ ఓటు లేదు, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలో బడి లేదు. పని అయిపోగానే రైలెక్కాలి. మనుషులు ఊళ్లోకి వస్తూనే ఉన్నారు. ఊరే వాళ్లను తన మనుషులని అనుకోదు. తండాను మాత్రం ఎన్నడు అనుకుంది?

ఇది ఒక్క సాగర్ ఆయకట్టు జబ్బే కాదు. 2023 సర్వేలో జపాన్‌లో దాదాపు 90 లక్షల ఇళ్లు ఖాళీగా తేలాయి. అదే ఏడు దక్షిణ కొరియాలో ఒక స్త్రీకి సగటు పిల్లలు 0.72. జనాభా తగ్గకుండా నిలవాలంటే 2.1 ఉండాలి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అది 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న నియమాన్ని 2024లో ఆంధ్రప్రదేశ్ ఎత్తేసింది. ఇప్పుడు ఎక్కువ మందిని కనమని పెద్దలు చెబుతున్నారు. నిన్నటిదాకా తండాలకొచ్చి ఇంతమంది పిల్లలేందని మన తల్లులను కసిరిన నోళ్లే ఇవి. పిల్లలు తక్కువైతే ఊరు ముసలిదవుతుంది, సరే. కానీ ఉన్న పిల్లలను ఆ ఊరు ఏం చేస్తోంది?

2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ఒక దళిత యువకుణ్ణి గర్భవతి అయిన భార్య కళ్ల ముందే నరికి చంపారు. చంపించింది ఆమె తండ్రి, డబ్బున్నవాడు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. మేడలు లేచాయి, కార్లు వచ్చాయి, బిడ్డ ఎవరిని పెళ్లాడాలన్న దగ్గర మాత్రం ఆ ఇల్లు సాగర్ కట్టక ముందు ఎక్కడుందో అక్కడే ఉంది. పెళ్లికి తలుపు మూసి, పనికి వచ్చినవాణ్ణి గేటు బయటే నిలబెట్టి, తర్వాత ఊరు ఖాళీ అయిందని ఏడిస్తే ఎట్లా? ఆ తాళం అమెరికా పోయిన కొడుకు వేసింది కాదు.

ఇంతా రాసి మనం చేతులు దులుపుకుంటే అబద్ధమే అవుతుంది. 1976 చట్టంతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డ్ తెగల జాబితాలోకి వచ్చారు. రెండు తరాల్లో మనలో టీచర్లు, కానిస్టేబుళ్లు, ఇంజనీర్లు తయారయ్యారు. వాళ్లలో కొందరు ఇప్పుడు తండాలో మూడెకరాలు కౌలుకిచ్చి సూర్యాపేటలో ఇల్లు కట్టారు. మన తాతలు పిల్ల ఇంటికి ఓలి ఇచ్చేవాళ్లు. ఇవ్వాళ ఉద్యోగం వచ్చిన పిలగాడికి లక్షల్లో కట్నం అడుగుతున్నాం. ఈ కట్నం ఎక్కడ నేర్చుకున్నామంటే, ఆ మేడల్లో. 1999-2001 నడుమ దేవరకొండ తండాల్లో ఆడ శిశువుల అమ్మకాల వార్తలు దేశమంతా పాకినప్పుడు పేదరికం అన్నాం. పేదరికం ఉంది. కట్నం కూడా ఉంది. ఆ రెండో మాట మనం మెల్లగా పలికాం.

టీచర్లకు ఒక పని చెబుతాం. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలను తీసుకొని ఒక ఆయకట్టు ఊరు, దాని పక్క తండా ఇల్లిల్లూ తిరగండి. తాళం వేసినవి ఎన్ని, ఆ ఇంటి పొలం ఎవరు దున్నుతున్నారు, సర్కారు డబ్బు ఎవరి ఖాతాలో పడింది, కిందటేడు ఆ ఇంటి పెళ్లిలో కట్నం ఎంత. తండాలో కూడా ఇవే ప్రశ్నలు అడగాలి. మన పెద్దలు చివరి ప్రశ్నకు ముఖం తిప్పుకుంటారు. అది కూడా నోట్‌బుక్‌లో రాయమనండి.