ఆకుకూర మానమని చెప్పను

రక్తం పలచబడే మాత్ర రాసిస్తే చాలు, వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: "పథ్యం ఏమిటి డాక్టరు గారూ? గోంగూర, తోటకూర మానేయాలటగా?" మానొద్దంటాను. వారానికి రెండుసార్లు తినే అలవాటుంటే ఆ రెండుసార్లూ తినమంటాను. ఆకుకూరల్లోని విటమిన్‌-కె మాత్రకు ఎదురు పనిచేస్తుందన్న మాట నిజమే. అయితే మాత్ర మోతాదును మీ తిండికి తగ్గట్టు నేను సరిచేయగలను. నెలంతా మానేసి ఒకేసారి కడుపునిండా తింటేనే చిక్కు.

ఈ మాత్ర అవసరమయ్యే జబ్బుల్లో యాంటీఫాస్ఫోలిపిడ్‌ సిండ్రోమ్‌ ఒకటి. ఇందులో ఒంటిని కాపాడాల్సిన యాంటీబాడీలే రక్తాన్ని గడ్డకట్టిస్తాయి. కాలి సిరలో, ఊపిరితిత్తుల్లో, మెదడులో ఎక్కడైనా గడ్డ రావచ్చు. కొందరికి గర్భం నిలవదు. లండన్‌ వైద్యుడు గ్రాహమ్‌ హ్యూస్‌ 1983లో దీన్ని వివరించారు. విచిత్రం ఏమిటంటే, ఒంట్లో గడ్డకట్టే ఈ రక్తమే ల్యాబ్‌ గొట్టంలో చాలాసార్లు ఆలస్యంగా గడ్డకడుతుంది. ఆ పరీక్ష కాగితం ఒక్కటే చూసి రక్తం పలచగా ఉందనుకుంటే వైద్యం తలకిందులవుతుంది. ఇన్ఫెక్షన్‌ వచ్చినప్పుడు కూడా ఈ యాంటీబాడీలు కొన్నాళ్లు కనిపించి పోతాయి. అందుకే కనీసం 12 వారాలు ఆగి మళ్లీ పరీక్ష చేయిస్తాం.

సిరలో గడ్డ వచ్చినవారికి వార్ఫరిన్‌ గానీ అసిట్రోమ్‌ గానీ ఇచ్చి, రక్తం గడ్డకట్టే తీరును కొలిచే ఐఎన్‌ఆర్‌ 2కీ 3కీ మధ్య ఉంచుతాం. తగ్గితే గడ్డ భయం, పెరిగితే రక్తస్రావం భయం. "మా బావగారికి పరీక్షలే అక్కర్లేని కొత్త మాత్ర ఇచ్చారు, నాకెందుకివ్వరు?" అని అడుగుతారు. ఈ జబ్బులో చూసే మూడు రకాల యాంటీబాడీలూ ఉన్నవారికి అలాంటి కొత్త మాత్రైన రివరోక్సాబాన్‌ ఇచ్చి చూసిన ఇటలీ పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. 2018లో వెలువడిన ఆ ఫలితాల్లో పక్షవాతం, గుండెపోటు కొత్త మాత్ర వాడినవారిలోనే కనిపించాయి. అలాంటివారికి పాత మందే నమ్మకం.

గర్భం వస్తే ఆ పాత మందే బిడ్డకు హాని. అప్పుడు హెపారిన్‌ ఇంజెక్షన్లు, చిన్న మోతాదు ఆస్పిరిన్‌. పొట్ట మీద సూది తామే వేసుకోవడం ఆడవాళ్లు త్వరగానే నేర్చుకుంటారు.

ఈ వైద్యంలో నా చేతిలో ఉన్నది తక్కువ. ఎక్కువ భాగం మీ ఇంట్లోనే జరుగుతుంది. నా పని అడగడం: జ్వరానికి యాంటీబయాటిక్‌ వాడారా? మోకాళ్ల నొప్పికి మందుల షాపులో ఏమైనా కొన్నారా? ఆకుకూర కంటే వీటితోనే నాకు భయం. పన్ను పీకించుకోవాలన్నా సరే, మాత్ర మీ అంతట మీరు ఆపకండి. ముందు ఫోన్‌ చేయండి.