తొలి దెబ్బ లేని తాళము

జమైకా ద్వీపమున పుట్టి పదేండ్లలో ఖండాంతరములకు ప్రాకిన రెగే సంగీతమును గూర్చి వ్రాయువారు సామాన్యముగా బాబ్ మార్లే పాటలలోని సందేశముతో మొదలుపెట్టి, పీడితజనోద్ధరణమని, సమానత్వమని, శాంతియని నాలుగు గంభీరపదములు పలికి విరమింతురు. సందేశము లేకపోలేదు. కాని అంతకంటె ఘాటైన సందేశము గల పాటలు లోకమున కొల్లలుగా పుట్టి, పాడినవారి ఊరి పొలిమేర దాటకయే అణగిపోయినవి; కావున ఈ సంగీతము సమాజమును కదలించుటకు గల హేతువును మాటలయందు గాక మొదట దాని కట్టుబాటునందు, అనగా ఏ వాద్యము ఎచ్చట మ్రోగవలెను, ముఖ్యముగా ఎచ్చట మ్రోగకుండవలెను అను నియమమునందు వెదకుట యుక్తమని నా తలంపు.

నాలుగు దెబ్బల ఆవర్తమును తీసికొందము. పాశ్చాత్య జనప్రియ సంగీతమున మొదటి దెబ్బపై పెద్ద డ్రమ్మును మ్రోగించి లెక్కను స్థిరపరచుట వాడుక. రెగేలో ‘వన్ డ్రాప్’ అని పేరొందిన నడకయందు ఆ మొదటి దెబ్బ శూన్యము; కాలితో తొక్కు పెద్ద డ్రమ్మును, కర్రతో కొట్టు చిన్న డ్రమ్మును రెండును కలిసి మూడవ దెబ్బపై ఒక్కుమ్మడిగా పడును. రెండవ, నాల్గవ దెబ్బలపై గిటారు పలుకును గాని, వాదకుడు తీగలను మీటిన మరుక్షణమే వ్రేళ్ల పట్టు సడలించుటచే ఆ ధ్వని సాగక తునిగిపోవును. ఈ విరళత్వమునకు అడుగున బేస్ గిటారు, తక్కిన సంగీతములందువలె వెనుక నిలిచి ఊతమిచ్చుటతో తృప్తి చెందక, తానే ఒక రాగఖండమును పట్టి ఆద్యంతము మరల మరల పాడుచుండును. మార్లే బృందమున కార్ల్‌టన్ బారెట్ డ్రమ్ములకును, ఆతని యన్న ఆస్టన్ బారెట్ బేస్ గిటారునకును అధిపతులు. పాట ఎవరిదైనను, శ్రోతను పట్టి నిలిపినది ఆ యన్నదమ్ముల పొందికయే యనిన అతిశయోక్తి కానేరదు. సమము దాటిన పిదప ఎత్తుకొను కృతులను విని పెరిగిన మనకు ఆవర్తారంభమందలి మౌనము వింతగా తోచదు. అయితే మనయొద్ద ఆ మౌనమును తాళము వేయు చేయి పూరించును, అక్కడ దానిని వినువాని దేహమే పూరింపవలెను. అందుచేతనే రెగేను కదలక మెదలక కూర్చుండి వినుట దుస్సాధ్యము.

ఈ కట్టుబాటు ఒక్కనాట ఏర్పడినది కాదు. కింగ్‌స్టన్ నగరమున క్యాథలిక్ సన్యాసినులు నడపిన ఆల్ఫా బాలుర పాఠశాలలో బాకాలు, ట్రాంబోనులు నేర్చిన నిరుపేద పిల్లలు పెరిగి స్కా యను చురుకైన సంగీతమును వాయించిరి. 1962 ఆగస్టు 6న దేశము స్వతంత్రమైన దినములలో వీధులందు మ్రోగినది అదియే. 1966 ప్రాంతమున దాని వేగము తగ్గి రాక్‌స్టెడీ యైనది, ఇంకను మందగించి బేస్ బలిసి 1968 నాటికి రెగే యైనది. కొండ గుడిసెలలో రాస్తఫారీ మతస్థులు కౌంట్ ఓసీ నాయకత్వమున మూడు విధములైన చేతి డ్రమ్ములతో రాత్రులు రాత్రులు సాగించిన ప్రార్థనావాద్యము వీనికి సమాంతరముగా ప్రవహించుచు, నిదానమును, గాంభీర్యమును ఇచ్చినది.

పాట పుట్టిన చోటికంటె అది వినబడిన చోటు ముఖ్యము. విదేశీయగీతములపై మక్కువ గల రేడియో పేటల పాటలను అంతగా లక్ష్యపెట్టని కాలమున, బీరువాలంతటి స్పీకరు పెట్టెలను బండిపై వేసికొని ఖాళీ స్థలమున నిలిపి, గ్రామఫోను రికార్డులు వేసి, ప్రవేశరుసుము పుచ్చుకొని, పానీయములమ్మి లాభము గడించు ‘సౌండ్ సిస్టమ్’ యజమానులే పేదలకు ఆకాశవాణి యైరి. డ్యూక్ రీడ్, కాక్స్‌సన్ డాడ్ వీరిలో అగ్రగణ్యులు. మంచి రికార్డు దొరకినచో పోటీదారునికి దాని పేరు తెలియకుండుటకై పైనున్న చీటీని గీకివేయుటయు వీరి విద్యలలో ఒకటి. వ్యాపారబుద్ధి లేనిచోట కళ శుద్ధముగా వర్ధిల్లుననువారికి ఈ చరిత్ర రుచింపదు.

అచ్చటనే ఒక విచిత్రము జరిగినది. 1960ల చివర స్పానిష్ టౌన్ పట్టణమునకు చెందిన రడీ రెడ్‌వుడ్ అను సౌండ్ సిస్టమ్ యజమాని డ్యూక్ రీడ్ స్టూడియోలో ఒక పాటకు ప్రతిని చేయించుకొనుచుండగా, యంత్రము నడపువాడు పొరపాటున గాయకుల గొంతును కలుపుట మరచెనట. చెడినదని పారవేయక రడీ ఆ ప్రతిని ఇంటికి గొనిపోయి, రాత్రి నృత్యమున మొదట గొంతు గల ప్రతిని, వెనువెంటనే గొంతు లేని ప్రతిని వేయగా, గాయకులు లేని ఆ చోటున సభ యావత్తును గొంతెత్తి పాడినదని చెప్పుదురు. నాటినుండి రికార్డునకు రెండవ వైపున గొంతు లేని ప్రతిని ముద్రించుట ఆచారమైనది. యూ-రాయ్ మొదలగువారు మైకు పుచ్చుకొని ఆ ఖాళీలో తమ మాటలు లయబద్ధముగా పలుక మొదలిడిరి.

రేడియోలను, ఆంప్లిఫయర్లను బాగుచేయు వృత్తివాడైన కింగ్ టబీ ఈ ఖాళీని శాస్త్రముగా మలచెను. కింగ్‌స్టన్‌లోని తన చిన్న స్టూడియోలో, నాలుగు వరుసలుగా ముద్రితమైన పాటను మరల మిశ్రమించునపుడు, గొంతు వరుసను రెండు మాటలు పలుకనిచ్చి దించివేయును. ఆ చివరి మాట ప్రతిధ్వనియై క్రమక్రమముగా సన్నగిల్లుచుండ గిటారును తీసివేయును. తుదకు బేస్‌ను, డ్రమ్ములను మిగిల్చి, ఉన్నట్టుండి వానిని సైతము తెగగొట్టి, మరల ఒక్క త్రుటిలో సమస్తమును తెచ్చి మీద పడవేయును. డబ్ అనబడు ఈ పద్ధతిలో క్రొత్తగా చేర్చిన స్వరము లేదు, ఉన్నదానిని తీసివేయుటయే రచన. మిశ్రణయంత్రమును వాద్యముగా వాయించిన వైణికుడని ఆతనిని పేర్కొనదగును.

ఇక సమాజము మాట. ఇథియోపియా చక్రవర్తి హెయిలీ సెలాసీని దైవముగా కొలిచి, జడలు పెంచి, ఒకనాడు భారతీయ కూలీలు ఆ ద్వీపమునకు కొనిపోయిన గంజాయిని ప్రసాదముగా సేవించు రాస్తఫారీలను నాటి మర్యాదస్థులు వెలివారిగా చూచిరి. 1963లో కోరల్ గార్డెన్స్ వద్ద జరిగిన ఘర్షణానంతరము పోలీసులు వారిని అనేకులను పట్టి, కొట్టి, జడలు కత్తిరించిరి. పదేండ్లు గడచునప్పటికి ఆ జడలే జమైకా ముఖచిహ్నమైనవి. 2017లో ప్రధానమంత్రి నాటి దౌర్జన్యమునకు క్షమాపణ చెప్పెను. ఈ మార్పును ఉపన్యాసములు తేలేదు. 1972 నాటి ‘ది హార్డర్ దే కమ్’ చలనచిత్రము, 1973 నాటి మార్లే బృందపు ‘క్యాచ్ ఎ ఫైర్’ గీతసంపుటి మొదలగునవి తెచ్చినవి.

రాజకీయమును మార్చినదా? ఇచ్చట జాగ్రత్తగా మాటాడవలెను. 1976 డిసెంబరు 3న ముష్కరులు ఇంటిలో చొరబడి కాల్చిన గుండు గాయముతోనే రెండు దినముల పిదప మార్లే వేదిక నెక్కి పాడెను. 1978 ఏప్రిల్ 22న, బద్ధవైరులైన మైకేల్ మాన్లీ, ఎడ్వర్డ్ సియాగా యను ఇరుపక్షముల నాయకులను వేదికపైకి పిలిచి వారి చేతులను కలిపి తలపైకెత్తెను. ఆ ఛాయాచిత్రము జగత్ప్రసిద్ధము. కాని 1980 ఎన్నికల సంవత్సరమున ఎనిమిది వందలకు మించిన ప్రాణములు పోయినవి. చేతులు కలిపిన పాట తుపాకులను దింపలేదని ఒప్పుకొనుటయే ఆ పాటకు మర్యాద. అదే సంవత్సరము ఏప్రిల్‌లో జింబాబ్వే స్వాతంత్ర్యోత్సవమునకు మార్లే తన ఖర్చుతో పరికరములు తరలించుకొని పోయి పాడుచుండగా, బయట నిలిచిన జనముపై పోలీసులు వదలిన బాష్పవాయువు వేదికను గ్రమ్మినది. పొగ తేరిన పిదప ఆతడు తిరిగివచ్చి పాడెను. అక్కడి పోరాటవీరులకు ఆతని పాటలు అంతకుముందే పరిచితములు.

మరొక లోపమును దాచరాదు. మార్షియా గ్రిఫిత్స్, జూడీ మోవాట్, రీటా మార్లే వంటి గాయనులు స్వతంత్రముగా సమర్థులయ్యును లోకమునకు అధికముగా మార్లే వెనుక వంతపాడువారుగానే తెలియుట, సమానత్వము పాడిన సంగీతమునకు శోభ గాదు.

ఇక ద్వీపము వెలుపల, లండనులో లింటన్ క్వేసీ జాన్సన్ ఈ లయపై వలసజనుల పలుకుబడిలోనే కవిత్వము చెప్పి, 1981 జనవరిలో న్యూక్రాస్ ఇంటి అగ్నికి ఆహుతియైన పదుమూడుగురు యువజనుల శోకమును వినిపించెను. న్యూయార్కు కథ వేరు. బాల్యమున కింగ్‌స్టన్ నుండి బ్రాంక్స్ పేటకు వలసపోయిన కూల్ హెర్క్ 1973లో అచ్చట నృత్యములు నడపుచు, రెగే రికార్డులకు ఆ పేట పిల్లలు కదలకుండుట గమనించి, వారికి ప్రియమైన అమెరికను ఫంక్ రికార్డులనే తీసికొని, గాయకుడు మౌనము వహించి డ్రమ్ములు మాత్రము మిగులు కొన్ని క్షణముల భాగమును, ఒకే రికార్డు రెండు ప్రతులతో ఒకదాని వెంట ఒకటిగా వేసి నిమిషముల తరబడి సాగదీసెను. అట్లు జమైకా పాట ఒక్కటియు వినబడని ఆ నృత్యములలో జమైకా పద్ధతి నిలిచినది; ఆ సాగదీసిన ఖాళీలోనికి క్రొత్త కుఱ్ఱవాండ్రు మైకులు పట్టుకొని ప్రవేశించిరి.