రెండుకీ రెండుకీ తేడా

డబ్బు లెక్కలు చేసే కోడ్ సమీక్షకు వస్తే నేను కూడికలూ హెచ్చవేతలూ తర్వాత చూస్తాను. ముందు వెతికేది పోలికల్ని. లెక్క రాసేటప్పుడు అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకునే రాస్తారు. ‘ఈ రెండు మొత్తాలూ ఒకటేనా?’ అని అడిగే లైను మాత్రం చెయ్యి అలవాటుగా రాసేస్తుంది.

కంప్యూటర్‌కు దశాంశాలతో పాత పేచీ ఉంది. దాని లెక్కంతా సున్నా, ఒకటి. మనకు మూడో వంతు 0.333 అంటూ ఎంతకీ తెగనట్టే, దానికి పదో వంతు తెగదు. అందుకే జావాలో డబుల్ రకం సంఖ్యలుగా 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. అది 0.3కి సమానమా అంటే కాదంటుంది. ఇందులో తప్పేమీ లేదు. 1985 నాటి ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం రావలసిన జవాబే అది. వాతావరణ లెక్కలకు సరిపోతుంది, ఖాతా పుస్తకానికి సరిపోదు.

ఖాతాల కోసం జావాలో బిగ్‌డెసిమల్ అనే సంఖ్యా రకం ఉంది. అది సంఖ్యను రెండు భాగాలుగా దాచుకుంటుంది: ఒక పూర్ణాంకం, చుక్క తర్వాత ఎన్ని స్థానాలో చెప్పే స్కేల్. 2.0 అంటే 20, స్కేల్ 1. 2.00 అంటే 200, స్కేల్ 2. తిరకాసంతా ఇక్కడే. పోల్చడానికి దానికి రెండు దారులున్నాయి. ఈక్వల్స్‌ను అడిగితే స్కేల్ కూడా చూసి, ఇవి వేరంటుంది. కంపేర్‌టును అడిగితే విలువ మాత్రమే చూసి సున్నా ఇస్తుంది, అంటే హెచ్చుతగ్గుల్లేవని. ఈ 2.0, 2.00లను ఈక్వల్స్‌తో పోల్చే హ్యాష్‌సెట్‌లో వేస్తే రెండూ ఉంటాయి, కంపేర్‌టుతో పోల్చే ట్రీసెట్‌లో వేస్తే ఒకటే మిగులుతుంది. అదే పైథాన్ డెసిమల్ అయితే మామూలు పోలికలో రెండూ సమానమే.

జావా మొండితనం చేసిందని చాలామంది విసుక్కుంటారు. నేను విసుక్కోను. బంగారం కొట్లో త్రాసు 10.0 గ్రాములు చూపడం, 10.000 చూపడం ఒకటి కాదు. మొదటిది గ్రాములో పదో వంతు వరకే చూసింది, రెండోది మిల్లీగ్రాము దాకా చూసింది. చివరి సున్నాలు చెరిపేస్తే విలువ మారదు, ఎంత నిక్కచ్చిగా తూచారన్న ఆనవాలు పోతుంది. అదే 250 రూపాయలకు, 250.00 రూపాయలకు మధ్య తేడా వెతికితే బాకీ తీర్చినవాడు నవ్విపోతాడు. విలువ ఒకటేనా, రాసిన తీరు కూడా ఒకటేనా అనే రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. ఏది అడుగుతున్నామో తేల్చాల్సింది భాష కాదు, కోడ్ రాసేవాళ్లు.

చివరి సున్నాలన్నీ కత్తిరించే స్ట్రిప్‌ట్రైలింగ్‌జీరోస్ కొందరికి దగ్గరి దారి. 100ను దానికిచ్చి, వచ్చినదాన్ని నేరుగా టూస్ట్రింగ్‌తో అచ్చు వేస్తే 1ఈ+2 అని పడుతుంది. రసీదు మీద అది చూసిన ఖాతాదారుకు ఏం చెబుతారు? నాకు నచ్చిన పద్ధతి వేరు. సంఖ్యను డబుల్ నుంచి కాక అక్షరాల నుంచి తీసుకోవాలి. లేకపోతే 0.1 కాస్తా చుక్క తర్వాత 55 అంకెల తోకతో వస్తుంది. పైసల దాకా సవరించే పని, ఏ పద్ధతిలో సవరిస్తున్నామో రాసిపెట్టి, ఒక్కచోటే చేయాలి. 2.345ను ఒక పద్ధతి 2.35 చేస్తే, సరి అంకె వైపు మొగ్గే పద్ధతి 2.34 చేస్తుంది. రెండు విభాగాలు రెండు పద్ధతులు పట్టుకుంటే ఆ పైసా తేడాను ఏ పోలికా కప్పిపుచ్చలేదు.

టెస్టులో 2.5కీ 2.50కీ తగువొస్తే వెంటనే కంపేర్‌టు పెట్టి నోరు మూయించకండి. ఆ సున్నా ఎవరికైనా అవసరమా అని ముందు కనుక్కోండి. ఎవరికీ అక్కర్లేదని తేలాక నిశ్చింతగా మార్చుకోండి.