బియ్యం సంచితో పాటు

సంక్రాంతి సెలవులు అయిపోయిన మరునాడు ఒకసారి నిజామాబాద్ బస్టాండుకు వెళ్లి చూడండి. బోధన్, వర్ని, బాన్సువాడ, భీంగల్ బస్సులు దిగే పిల్లల్లో చాలామంది భుజాన బియ్యం సంచి ఉంటుంది. చేతిలో మామిడికాయ తొక్కు డబ్బా, ఎల్లిపాయ కారం, ఆర్మూర్ వైపు వాళ్లయితే ఇంట్లో పండిన పసుపు. డిగ్రీకో పాలిటెక్నిక్‌కో వచ్చి, ముగ్గురు నలుగురు కలిసి ఒక గది అద్దెకు తీసుకుని వండుకు తినే పిల్లలు వీళ్లు. ఇల్లు వీళ్లకు అన్నీ సర్ది పంపింది, వంట తప్ప.

వినాయక్‌నగర్‌లో మా మేడ మీది గదులు ఎప్పుడూ విద్యార్థులకే ఇస్తాం. ఏ కాలంలో ఏ వంట చెడుతుందో కింద కూర్చునే చెప్పగలను.

చలికాలంలో చెడేది అన్నం. వానాకాలం వరి కోసి, ఊరి మిల్లులో పట్టించి, నెల తిరక్కుండానే సంచికెత్తుతారు. కొత్త బియ్యం నీళ్లు తక్కువ పీలుస్తాయి. నిల్వ ఉన్నకొద్దీ గింజ గట్టిపడి, ఎక్కువ నీళ్లు తాగి, దేనికదిగా విచ్చుకుంటుంది. అందుకే మన పెద్దవాళ్లు తిండి బియ్యాన్ని ఆరు నెలలైనా ఆపి వాడేవారు. పిల్లలకు ఈ సంగతి చెప్పినవాళ్లు లేరు. సీనియర్ ఎవరో చెప్పిన ఒకటికి రెండు గ్లాసుల లెక్క పట్టుకుంటారు. బీపీటీ అయినా, దొడ్డు బియ్యమైనా, నిరుటివైనా నిన్నటివైనా అదే లెక్క. గంజులో ముద్ద తయారవుతుంది. దీనికి మందు మరో కొలత కాదు. నీళ్లు ధారాళంగా పోసి ఎసరు పెట్టి, మెతుకు పట్టి చూసి, పలుకు పోగానే గంజి వార్చేయడం. వార్చే అన్నానికి గ్లాసుల లెక్కతో పని లేదు, వేలికి తెలిస్తే చాలు. కుక్కర్లు వచ్చాక పట్నం ఇళ్లు ఈ విద్యను వదిలేశాయి. కొత్త బియ్యం తినక తప్పని పిల్లలకు అది ఇప్పటికీ కావాలి.

అన్నం ముద్దయితే తొక్కు కలుపుకుని తినేస్తారు. నాకు భయం పప్పుతో. ఒక సాయంత్రం డిగ్రీ పిల్లగాడొకడు మెట్ల మీద నిలబడి, "మేడం, కుక్కర్ సీటీ వస్తలేదు. మస్తు సేపైంది" అన్నాడు.

"ముందు పొయ్యి బంద్ చెయ్యి బిడ్డా. మూత ముట్టకు."

అది పూర్తిగా చల్లారాక మూత తీసి, సీటీ కూర్చునే గొట్టాన్ని ట్యూబ్‌లైటు వైపు పట్టి చూశాను. వెలుతురు కనిపించలేదు. లోపల పసుపు రంగు పొర ఒకటి ఎండి అతుక్కుపోయింది. చీపురు పుల్ల గుచ్చితే కందిపప్పు తొక్క, దాని వెనుక గట్టిపడ్డ నురుగు వచ్చాయి. కందిపప్పు ఉడికేటప్పుడు నురుగు పొంగుతుంది. కుక్కర్‌ను సగానికి మించి నింపితే ఆ నురుగు తొక్కలను మోసుకుని గొట్టంలోకి ఎక్కుతుంది. దారి మూసుకుంటే ఆవిరికి మిగిలేది మూత మీది సేఫ్టీ వాల్వు ఒక్కటే. కుక్కర్ లోపల వేడి 120 డిగ్రీల దాకా పోతుంది. ఆ ఒత్తిడిలో మూత ఊడదీస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పప్పులో చెంచాడు నూనె వేస్తే నురుగు తగ్గుతుందనీ, తోమిన ప్రతిసారీ గొట్టంలోంచి వెలుతురు చూడాలనీ ఆ పిల్లగాడికి అప్పుడే తెలిసింది. వాళ్లమ్మ చేతిలో ఇవన్నీ రోజూ జరిగేవే. వాడిని పక్కన నిలబెట్టుకుని చూపలేదు, అంతే.

మగపిల్లల చేతికి వంట అబ్బదు అనేవాళ్ల మాట నేను ఒప్పుకోను. ఈ గడ్డ మీద అయితే అసలు ఒప్పుకోను. బోధన్ షక్కర్‌నగర్‌లో 1937లో మొదలై 2015 డిసెంబరులో మూతపడ్డ నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఎన్ని తరాల మగవాళ్లకు అన్నం పెట్టింది! చక్కెర ఫ్యాక్టరీలో పాన్ దగ్గరి కార్మికుడి పని ఏమిటి? ఉడుకుతున్న పాకం కొంచెం తీసి, గాజుపలక మీద పరిచి, పలుకు ఎంత పెరిగిందో చూసి, ఇక చాలా, ఇంకాసేపా అని తేల్చడం. కామారెడ్డి వైపు బెల్లం వండేవాళ్లు పెనంలోని పాకాన్ని నీళ్లలో చుక్క వేసి చూసి దింపుతారు. మన పెళ్లిళ్లలో డేగిసాల కొద్దీ బగారా అన్నం వండేదీ ఎక్కువగా మగవాళ్లే. పొయ్యి ముందు కన్నార్పకుండా నిలబడడం వాళ్లకు తెలియని విద్య కాదు. ఇంటి పొయ్యి దగ్గరికి మాత్రం రారు, కొడుకును రానివ్వరు. "ఆడోళ్ల పని నీకెందుకురా" అని లేపి పంపే తల్లులూ ఉన్నారు. ఆడపిల్లకు వంట పుట్టుకతో రాలేదు. చిన్నప్పుడే పొయ్యి ముందు కూర్చోబెట్టి నేర్పాం.

గ్యాసు సంగతి ఇంకా ముఖ్యం. పెద్ద సిలిండర్ నుంచి చిన్నదానిలోకి దొంగచాటుగా నింపి అమ్మే దుకాణాలున్నాయి. చౌకని పిల్లలు అక్కడికే పోతారు. వంటగ్యాసు గాలికన్నా బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. పిల్లలు చాపలేసుకుని పడుకునేది ఆ నేల మీదే, అదే గదిలో. గుర్తింపు కార్డు చూపితే 5 కిలోల సిలిండర్లు కంపెనీలే అమ్ముతున్నాయి. ఇండియన్ ఆయిల్ వాళ్లు దానికి 'ఛోటూ' అని పేరు పెట్టారు. ధర కాస్త ఎక్కువైనా అదే కొనివ్వండి.

ఇన్ని ఇబ్బందులుంటే హాస్టలో మెస్సో చూసుకోమనొచ్చు కదా అంటారు. నేను అనను. గోడకు అతికించిన కాగితం మీద ఎవరి వంతు వంట, ఎవరి వంతు బోళ్లు తోముడు అని రాసుకుంటారు వీళ్లు. ఆ కాగితం మీద ఊళ్లో ఒకరింట్లో ఒకరు చేయి కడగని కులాల పేర్లు పక్కపక్కనే ఉంటాయి. ఒకడు వండింది నలుగురూ తింటారు. ఉప్పెక్కువైందని తిట్టుకుంటారు, మళ్లీ కలిసే తింటారు. ఈ గదుల్లో జరుగుతున్న మంచి పని ఇది, మాడిన అడుగులకు భయపడి దీన్ని పోగొట్టుకోవద్దు.

ఇంటర్ పరీక్షలు మార్చిలో అయిపోతాయి. డిగ్రీ తరగతులు మొదలయ్యేది జూన్ తర్వాతే. ఆ ఎండాకాలమంతా రోజుకు ఒక పూట వంట మీ కొడుక్కి అప్పగించండి. అన్నం వార్చడం, పప్పు ఉడికించడం, కుక్కర్ మూత కడగడం, రాత్రి పడుకునే ముందు రెగ్యులేటర్ కట్టేయడం. ఈ నాలుగూ వచ్చాకే బియ్యం సంచి కట్టండి.