విశ్వవిద్యాలయంలో చలనచిత్ర ప్రదర్శన: ‘అందరూ ఆహ్వానితులే’

విశ్వవిద్యాలయాలలో జరిగే చలనచిత్ర ప్రదర్శనల కరపత్రాలపై ‘ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే’ అన్న వాక్యం తరచుగా కనిపిస్తుంది. ఔదార్యంతో రాసిన ఆ వాక్యమే ప్రదర్శనకు ఉన్న చట్టరక్షణను తొలగిస్తుంది.

1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52(1)(జె) నిబంధన విద్యాసంస్థ కార్యకలాపాలలో భాగంగా చలనచిత్రాన్ని ప్రదర్శించడానికి మినహాయింపునిస్తుంది. అయితే ప్రేక్షకులు సిబ్బంది, విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, సంరక్షకులు, సంస్థ కార్యకలాపాలతో సంబంధం గలవారు మాత్రమే కావాలి. ఇక్కడ గీటురాయి టికెట్ కాదు, ప్రేక్షకుడు. ఔత్సాహిక సంఘాలు రుసుము లేకుండా ప్రదర్శించే సాహిత్య, నాటక, సంగీత రచనలకు 52(1)(ఎల్) మినహాయింపునిచ్చింది. చలనచిత్రాన్ని అందులో చేర్చలేదు. ‘డబ్బు తీసుకోవడం లేదు కదా’ అనే సమాధానం నాటకరంగం నుండి సినిమాకు అలవాటుగా తరలివచ్చిందేమో!

పాత చిత్రమైతే చిక్కు లేదనుకోవడం మరొక పొరపాటు. ‘మాయాబజార్’ 1957లో విడుదలైంది. చలనచిత్రంపై హక్కు విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు ఉంటుంది కనుక, ఆ చిత్రంపై హక్కు 2017తో ముగిసింది. కాని మాటలు, పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో మరణించారు. రచనలపై హక్కు రచయిత మరణానంతరం మరో 60 ఏళ్లు కొనసాగుతుంది. ఇక 2010లో వచ్చిన రంగుల రూపాన్ని మూలచిత్రంతో సమానంగా భావించి ప్రదర్శించడం సాహసమే.

ఈ చిక్కులు తెలిసిన నిర్వాహకులు గుర్తింపు కార్డు ఉన్నవారినే లోనికి అనుమతిస్తారు. అది చట్టసమ్మతమే, పరిశోధనకు మాత్రం నష్టం. ఒక చిత్రాన్ని విడుదలైన రోజులలో చూసిన పట్టణపు వృద్ధ ప్రేక్షకుల జ్ఞాపకం ఆదరణ చరిత్రకు ప్రథమాధారం. ప్రదర్శనానంతర చర్చలో వారు లేకపోతే విద్యార్థులు తమ ఊహలనే చరిత్రగా రాసుకుంటారు.

కనుక తలుపు మూయడం కంటే అనుమతి పొందడం మేలు. చిత్రరూపం, తేదీ, వేదిక, ప్రేక్షకవర్గం పేర్కొన్న లిఖితపూర్వక అనుమతి హక్కుదారు నుండి రావాలి. వ్యక్తిగత ఓటీటీ చందా అందుకు ప్రత్యామ్నాయం కాదు. తెలుగు చిత్రాల థియేటర్, టెలివిజన్, డిజిటల్ హక్కులు వేర్వేరు చేతులలో ఉండవచ్చు. టెలివిజన్ హక్కు మాత్రమే గలవారు బహిరంగ ప్రదర్శనకు అనుమతి ఇవ్వజాలరు. అసలు హక్కుదారు ఎవరో తేల్చుకోవడానికే నెలలు పట్టవచ్చు. రుసుము మరొక సమస్య. సదస్సుల వ్యయపట్టికలో శాలువాలకు సాధారణంగా ఒక పద్దు ఉంటుంది, ప్రదర్శన హక్కుకు ఉండదు.